అశ్వప్రియుడు ఆగాఖాన్

దివ్య ఖుర్ఆన్‌లో నూరవ సూరా పేరు అల్ ఆదియాత్. రొప్పుతూ దౌడు తీసే గుర్రాలని ఆ పేరుకు అర్థం. వేకువజామున దుమ్ము రేపుకుంటూ శత్రుసేన నడుమకు చొచ్చుకుపోయే గుర్రాల మీద ప్రమాణం చేసి, మనిషి తన ప్రభువు పట్ల ఎంత కృతఘ్నుడో ఆ సూరాలో అల్లాహ్ గుర్తుచేస్తాడు. యజమాని పెట్టిన గుప్పెడు గడ్డికి గుర్రం ప్రాణమిస్తుంది. ప్రభువు ఇచ్చిన ఇన్ని అనుగ్రహాలకు మనిషి ఏమిస్తున్నాడన్నది మనం ఆలోచించుకోవలసిన విషయం.

గుర్రంతో ముస్లిముల బంధం ఈనాటిది కాదు. గుర్రాల నుదుటి జూలులోనే ప్రళయం దాకా శుభం ముడివడి ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆయన మదీనాలో స్వయంగా గుర్రపు పరుగులు జరిపించారు. తర్ఫీదు పొందిన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా, తర్ఫీదు లేనివాటిని అక్కడినుంచి బనూ జురైఖ్ మస్జిదు దాకా పరుగెత్తించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ పరుగులో పాల్గొన్నవారిలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఒకరు.

గుర్రమంటే ప్రాణం పెట్టి, ఆ ప్రేమతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, అదే ప్రేమవల్ల విమర్శలు కూడా మూటగట్టుకున్న ఒక ప్రముఖుని జీవితాన్ని ఈ శుక్రవారం మేము పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన ఇస్మాయిలీ షియా ముస్లిముల 48వ ఇమాము సర్ సుల్తాన్ ముహమ్మద్ షా. మూడవ ఆగాఖాన్ అంటే అందరికీ తెలుస్తుంది.

ఏడేళ్ల ఇమాము

ఆయన 1877 నవంబరు 2న కరాచీలో జన్మించారు. తాతగారు మొదటి ఆగాఖాన్ ఇరాన్ నుంచి హిందూస్థాన్ వచ్చి చివరకు బొంబాయిలో స్థిరపడ్డారు. ఇరానీ ప్రభువుల అలవాట్లన్నీ ఆయన వెంట వచ్చాయి. వాటిలో మేలుజాతి గుర్రాల పోషణ ముఖ్యమైనది. 1881లో తాత, 1885లో తండ్రి ఆగా అలీ షా కన్నుమూశారు. దాంతో ఎనిమిదేళ్లు కూడా నిండని బాలుని భుజాలపై ఇమాము బాధ్యత పడింది. ఆ బాధ్యతను ఆయన 72 సంవత్సరాలు మోశారు.

ఆ పసితనంలో ఆయనను తీర్చిదిద్దింది తల్లి. ఇరాన్ చక్రవర్తి ఫత్ అలీ షాకు ఆమె మనుమరాలు. భర్త పోయిన దుఃఖంలో కూడా ఆమె ఇంటి లెక్కలు చేతిలోకి తీసుకుని దుబారాను అరికట్టారు. గుర్రపుశాలను, వేట సరంజామాను బాగా తగ్గించారు. అయితే గుర్రాలను పూర్తిగా వదిలించుకోలేదు. కుమారునికి అరబీ, ఫార్సీ, ఇంగ్లీషు నేర్పేందుకు గురువులను పెట్టించారు. పొద్దున చదువు, సాయంత్రం గుర్రపుస్వారీ అన్నట్లుగా బాల్యం సాగింది. ఖర్చుకు హద్దు, ఇష్టానికి చోటు అన్న ఆ తల్లి పాఠాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో దానితో మళ్లీ పనిపడుతుంది.

జాతి కోసం జోలె

ఆగాఖాన్‌ను గుర్రాల నవాబుగా మాత్రమే తలిస్తే ఆయనకు అన్యాయం చేసినవారమవుతాము. 1906 అక్టోబరు 1న సిమ్లాలో వైస్రాయి మింటోను కలిసిన ముస్లిం ప్రతినిధివర్గానికి నాయకుడు ఆయనే. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు. అలీగఢ్ కళాశాలను విశ్వవిద్యాలయంగా మార్చాలని 1911 ప్రాంతంలో ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. మౌలానా షౌకత్ అలీ ఆ పర్యటనల్లో ఆయనకు కుడిభుజంగా నిలిచారు. దాదాపు 30 లక్షల రూపాయలు పోగయ్యాయి. రాజభోగాలలో పెరిగినవాడు జాతి పిల్లల చదువు కోసం ఇంటింటి ముందు చేయి చాచడానికి సిగ్గుపడలేదు. 1920లో అలీగఢ్ విశ్వవిద్యాలయమయింది.

ఆడపిల్లల చదువు విషయంలో ఆయన మాట మరింత స్పష్టం. ఇద్దరు బిడ్డలలో ఒక్కరినే చదివించే స్తోమత ఉన్నప్పుడు ఆడపిల్లనే చదివించమని తన అనుచరులకు బోధించేవారు. 1930-32 రౌండ్ టేబుల్ సమావేశాలలో ముస్లిం ప్రతినిధులకు నాయకత్వం వహించారు. 1937లో నానాజాతి సమితి సర్వసభకు అధ్యక్షులయ్యారు.

డెర్బీ మైదానంలో

ఇక గుర్రాల సంగతికి వద్దాము. ఇంగ్లండులో ఎప్సమ్ అనే ఊళ్లో 1780 నుంచి డెర్బీ పరుగు జరుగుతున్నది. దూరం మైలున్నర. మూడేళ్ల వయసు గుర్రాలకే అందులో ప్రవేశం. అంటే ఒక గుర్రం జీవితంలో డెర్బీ అవకాశం ఒక్కసారే వస్తుంది. గోడిగ 11 నెలలు మోసి ఈనాలి. పిల్ల ఆరోగ్యంగా ఎదగాలి. రెండో ఏట కళ్లెానికి, జీనుకు అలవాటు పడాలి. మూడో ఏట సరిగ్గా ఆ రోజుకు సత్తువ నిండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అన్నేళ్ల శ్రమ వృథా. అటువంటి డెర్బీని ఆగాఖాన్ ఐదుసార్లు గెలిచారు. 1930లో బ్లెన్‌హైమ్, 1935లో బహ్రామ్, 1936లో మహమూద్, 1948లో మై లవ్, 1952లో తుల్యార్ ఆయన విజేతలు. ఇంగ్లండులో ఏడాది మొత్తంమీద అత్యధిక బహుమతులు గెలిచిన యజమానిగా 13 సార్లు నిలిచారు.

ఇదంతా అదృష్టం కాదు. 1921లో ఇంగ్లండులో గుర్రపుశాల పెట్టాలని తలచినప్పుడు, ఆయన ముందుగా గుర్రాల వంశావళి తెలిసిన జార్జ్ లాంబ్టన్ వంటి అనుభవజ్ఞుని ఆశ్రయించారు. అరబ్బు ఎడారి తెగలవారు గుర్రం జాతిని తల్లివైపు నుంచి లెక్కిస్తారు. ఆగాఖాన్ కూడా మేలుజాతి గోడిగల మీదనే ధనం వెచ్చించారు. 1922లో 9,100 గినీలకు కొన్న ఒక ఆడపిల్లకు ముంతాజ్ మహల్ అని పేరు పెట్టారు. బూడిదరంగు ఒళ్లు, దానిపై తెల్లని మచ్చలు. 1923లో అది పరుగెత్తిన తీరు చూసి ఇంగ్లండు ప్రజలు ఎగిరే గుర్రమని పిలుచుకున్నారు. అయితే దాని అసలు గొప్పదనం పరుగు మైదానంలో కాక, ఆ తరువాత తల్లి అయ్యాక బయటపడింది. డెర్బీ గెలిచిన మహమూద్ దాని కూతురి కొడుకు. తరువాత అమెరికాలో గొప్ప సంతతికి మూలపురుషుడైన నస్రుల్లా కూడా దాని మనుమడే.

ఆ పేర్లు వింటుంటేనే మన ఇళ్లలోని పెద్దలకు ముచ్చటవేస్తుంది. బహ్రామ్, ఫిర్దౌసీ, రుస్తుం పాషా, దస్తూర్, తాజ్ అక్బర్! షానామా కావ్యం రాసిన కవి పేరుగల గుర్రం ఫిర్దౌసీ 1932లో సెయింట్ లెజర్ గెలిచింది. రెండవ స్థానం కూడా ఆగాఖాన్‌దే అయిన దస్తూర్‌కు దక్కింది. తెల్లదొరల గడ్డమీద తెల్లదొరలే నాలుక తిరగక అవస్థపడుతూ మన పేర్లను కేకలు వేసి పిలవవలసి వచ్చింది. పరాయి పాలనలో ఉన్న రోజుల్లో హిందూస్థానీ పాఠకులకు అది చిన్న ఆనందం కాదు.

జీను మీది మనుషులు

గుర్రం గొప్పదైనా, దాని వీపున కూర్చున్న మనిషి గొప్పవాడు కానిదే గెలుపు రాదు. జాకీల బతుకు బయటికి కనిపించినంత తళుకుబెళుకులది కాదు. ఆ రోజుల్లో పసి వయసులోనే గుర్రపుశాలలో పేడ ఎత్తే పనికి చేరేవారు. బరువు పెరగకుండా కడుపు మాడ్చుకుంటారు. ఏ పరుగులో ఎముక విరుగుతుందో, ఏ పరుగులో ప్రాణం పోతుందో తెలియదు. ఆగాఖాన్ గుర్రాలతో పేర్లు ముడిపడిన కొందరు జాకీలను ఇక్కడ తలచుకోవడం న్యాయం.

1930 డెర్బీలో ఆగాఖాన్ గుర్రాలు రెండు ఉన్నాయి. అందరి చూపూ రుస్తుం పాషా మీదనే. బ్లెన్‌హైమ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని మీద హారీ వ్రాగ్ అనే జాకీ కూర్చున్నాడు. గుంపు వెనకే ఓపికగా సాగి, ఆఖరి ఘడియలో ముందుకు దూకడం ఆయన పద్ధతి. ఆనాడు కూడా అలాగే వచ్చి గెలిచాడు. తొందరపడినవారు మధ్యలో అలసిపోయారు, సబర్ చేసినవాడు గమ్యం చేరాడు.

1935లో బహ్రామ్ కథ మరోరకం. ఆ గుర్రం స్వభావం కొంత బద్ధకం. అవసరానికి మించి ఒక్క అడుగు కూడా గట్టిగా వేసేది కాదట! కానీ జీవితంలో పరుగెత్తిన 9 పరుగుల్లో ఒక్కటీ ఓడలేదు. జాకీ ఫ్రెడ్డీ ఫాక్స్ దానిమీద టూ థౌజండ్ గినీస్, డెర్బీ రెండూ గెలిచాడు. మూడవదైన సెయింట్ లెజర్ కూడా గెలిస్తే అరుదైన త్రికిరీటం దక్కుతుంది. దానికి ముందటి వరకు 1918 తరువాత ఏ గుర్రానికీ అది దక్కలేదు. సరిగ్గా ఆ పరుగుకు ముందురోజు ఫాక్స్ వేరే గుర్రం మీదనుంచి పడి గాయపడ్డాడు. మరునాడు బహ్రామ్ మీద చార్లీ స్మర్క్ కూర్చుని గెలిచాడు. త్రికిరీటం వచ్చింది. రెండు వంతులు మోసిన ఫాక్స్‌కు ఆ చివరి వంతు దక్కలేదు. మన కృషి మన చేతిలో, ఫలితం అల్లాహ్ చేతిలో అనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఆ చార్లీ స్మర్క్ జీవితం కూడా వినదగినదే. 1928లో ఒక గుర్రం బయలుదేరేచోట కదలక మొండికేస్తే, జాకీయే కావాలని దాన్ని ఆపాడని నింద పడింది. ఐదేళ్లపాటు ఆయనను పరుగు మైదానంలో అడుగు పెట్టనివ్వలేదు. మొండితనం ఆ గుర్రం స్వభావంలోనే ఉందని తరువాత తేలింది. పోయిన ఐదేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు? కానీ స్మర్క్ కుంగిపోలేదు. 1933లో తిరిగివచ్చి, మరుసటి ఏడాదే రాజ్‌పిప్లా మహారాజా గుర్రం విండ్సర్ లాడ్ మీద డెర్బీ గెలిచాడు. అలాంటివాణ్ణి నమ్మి ఆగాఖాన్ తన గుర్రాలను అప్పగించారు. నింద మోసినవాణ్ణి దగ్గరికి తీయడం కూడా ఒక మంచిగుణమే.

1936లో స్మర్క్ ఎక్కిన మహమూద్ చిన్నపాటి గుర్రం. అది ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఫ్రాన్సులోని దోవిల్ వేలంలో పెడితే ఆశించిన ధర పలకలేదు. చేసేదిలేక ఇంటికి తెచ్చుకున్నారు. అంత దూరం పరుగెత్తే దమ్ము దీనికెక్కడిదని చాలామంది పెదవి విరిచారు. 2 నిమిషాల 33.8 సెకన్లలో మైలున్నర ముగించి డెర్బీ రికార్డు నెలకొల్పింది. రెండవ స్థానంలో వచ్చిన తాజ్ అక్బర్ కూడా ఆగాఖాన్ గుర్రమే. ఆ రికార్డు 59 ఏళ్లు నిలిచి, 1995లో గానీ చెరగలేదు. చెరిపిన లామ్‌తర్రా యజమాని దుబాయి పాలక కుటుంబంలోని యువకుడు.

1948లో ఆస్ట్రేలియా జాకీ రే జాన్‌స్టన్ మై లవ్ మీద గెలిచాడు. 1952 తుల్యార్ గెలుపు మాత్రం చిరకాలం గుర్తుండేది. తుల్యార్ మీద 45 ఏళ్ల స్మర్క్. వెన్నంటి వచ్చిన గే టైమ్ మీద 16 ఏళ్ల కుర్రవాడు లెస్టర్ పిగాట్. ముప్పావు గుర్రం నిడివి తేడాతో స్మర్క్ నెగ్గాడు. పెద్దవాని అనుభవం గెలిచిన ఆ రోజున ఓడిన కుర్రవాడు, తరువాతి కాలంలో డెర్బీని 9 సార్లు గెలిచి అందరినీ మించిపోయాడు.

విమర్శలు, మన లెక్క

ఇంత చెప్పాక, పాఠకులలో కొందరికి ఒక ప్రశ్న రాక మానదు. ధార్మిక నాయకునికి రేసు గుర్రాలేమిటి? ఈ ప్రశ్న ఆయన బతికున్న రోజుల్లోనే వచ్చింది. ముస్లిములలోను, ముస్లిమేతరులలోను ఎందరో అడిగారు. యూరపులో ఆయన గడిపిన విలాస జీవితాన్ని తప్పుపట్టినవారూ ఉన్నారు. ఇస్మాయిలీల విశ్వాసాలకూ ఇతర ముస్లిముల విశ్వాసాలకూ తేడాలున్న మాట నిజం. ఆ చర్చకు ఇది వేదిక కాదు. కానీ పందెం విషయంలో మాత్రం దాటవేయడం ధర్మం కాదు.

మద్యాన్ని, జూదాన్ని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో షైతాను పనులుగా పేర్కొని విశ్వాసులను దూరంగా ఉండమన్నది. గుర్రాన్ని పెంచడం, దానికి తర్ఫీదు ఇవ్వడం, పరుగెత్తించడం వేరు. ఏ గుర్రం గెలుస్తుందోనని జేబులోని డబ్బు ఒడ్డడం వేరు. మొదటిది దైవప్రవక్త (స) కాలంనుంచీ ఉన్నది. రెండవది హరామ్. ఈ రెండింటినీ కలిపి చూడబట్టే కొందరు గుర్రాన్ని చూసి ముఖం చిట్లిస్తారు, మరికొందరు గుర్రం పేరు చెప్పి జూదాన్ని సమర్థించుకుంటారు. ఇద్దరిదీ పొరపాటే.

మన హైదరాబాదు మలక్‌పేట రేసు మైదానం పాతది. మౌలాలీలో జరిగే పరుగులను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో అక్కడికి మార్పించారు. అక్కడి గుర్రాల అందం చూడవలసిందే. కానీ ఆ గేటు బయట, నెల జీతమంతా చీటీల్లో పోగొట్టుకుని, ఇంటికి పోయి భార్యాబిడ్డలకు ఏం చెప్పాలో తెలియక తల వంచుకుని నిలబడే కుటుంబ యజమాని కూడా ఉంటాడు. నవాబుల గుర్రం ఓడితే మరో గుర్రం కొనుక్కుంటారు. పేదవాని పందెం ఓడితే పొయ్యి వెలగదు. ఇష్టానికి చోటు ఉంచి ఖర్చుకు హద్దు గీసిన ఆగాఖాన్ తల్లిగారి పాఠం మనకు ఇక్కడ పనికివస్తుంది. జూదం విషయంలోనైతే మన ధర్మం గీసిన హద్దు ఇంకా కచ్చితమైనది.

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ సులైమాన్ (అలై) వృత్తాంతం ఉంది. ఒక సాయంత్రం ఆయన ఎదుట మేలుజాతి గుర్రాలను నడిపించారు. వాటిని చూడటంలో ఆయన లీనమైపోయారు. ఈలోగా ప్రభువు స్మరణవేళ దాటి సూర్యుడు అస్తమించాడని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. అంతటి ప్రవక్తకే గుర్రాలు పరీక్ష అయ్యాయంటే, మామూలు మనుషులమైన మనమెంత? ప్రేమ తప్పు కాదు. ఆ ప్రేమ మన నమాజును, మన ఇంటిని మరిపిస్తే అది తప్పు.

ఏది మిగిలింది?

1957 జులై 11న స్విట్జర్లాండులోని వెర్సువాలో ఆగాఖాన్ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఈజిప్టులోని అస్వాన్‌లో నైలునది ఒడ్డున సమాధి చేశారు. ఇమాము పదవి మనుమడు కరీమ్‌కు వచ్చింది. 1960లో తండ్రి అలీ ఖాన్ కారు ప్రమాదంలో మరణించాక గుర్రపుశాల బాధ్యత కూడా కరీమ్ మీదనే పడింది. ముంతాజ్ మహల్ వంశంలోనే పుట్టిన షెర్గార్ 1981లో ఆయనకు డెర్బీ గెలిచిపెట్టింది. పది గుర్రాల నిడివి ముందుండి గెలిచిన ఆ గుర్రాన్ని 1983 ఫిబ్రవరి 8న ఐర్లండులో దుండగులు ఎత్తుకుపోయారు. అది మళ్లీ కనిపించలేదు. అంత కీర్తి ఒక్క రాత్రిలో మాయమయింది.

కానీ తాత నాటిన మరో మొక్క మాయం కాలేదు. 1936లో బొంబాయిలో అనుచరులు ఆయనను బంగారంతోను, 1946లో వజ్రాలతోను తూచారు. ఆ తూకాల సొమ్మును పాఠశాలలకు, ఆసుపత్రులకు, పేదల ఇళ్లకు, చిన్న వ్యాపారులకు పెట్టుబడిగా మళ్లించారు. మనుమని కాలంలో అది పెద్ద వృక్షమయింది. హైదరాబాదు శివార్లలో 2011లో ప్రారంభమైన ఆగాఖాన్ అకాడమీ, 2013 నుంచి ఆగాఖాన్ సంస్థ చేపట్టిన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ ఆ వృక్షపు కొమ్మలే. కరీమ్ ఆగాఖాన్ 2025 ఫిబ్రవరి 4న మరణించి, తాతగారున్న అస్వాన్‌లోనే శాశ్వత విశ్రాంతి పొందారు.

బహ్రామ్ త్రికిరీటం ఇవాళ పుస్తకంలో ఒక పంక్తి. మహమూద్ రికార్డు చెరిగిపోయింది. షెర్గార్ జాడే లేదు. కానీ అలీగఢ్‌లో ఈ ఉదయం కూడా వేలమంది పిల్లలు తరగతి గదుల్లో కూర్చున్నారు. ఆ జోలెలో పడిన ప్రతి రూపాయీ, అల్లాహ్ చిత్తమైతే, ఇచ్చినవారి ఖాతాలో ఇంకా పుణ్యం చేరుస్తూనే ఉంటుంది.

గుర్రాన్ని చూసి మనం నేర్చుకోవలసింది పందెం కాదు, విశ్వాసం. మన పిల్లలకు గుర్రాల కథలు చెబుదాము. బద్ధకపు బహ్రామ్ గురించి, వేలంలో అమ్ముడుపోని మహమూద్ గురించి, నిందను దాటివచ్చిన స్మర్క్ గురించి చెబుదాము. ఆ కథల చివర అల్ ఆదియాత్ సూరా కూడా చదివి వినిపిద్దాము. తిన్న గడ్డికి కృతజ్ఞత చూపే ఆ మూగజీవి కన్నా మనం తీసిపోకుండా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.